అడ్డకొమ్మ

అడిగిన వెంటనే జవాబు చెప్పడం ఉడతల బయన్నకు అలవాటు లేదు. ప్రశ్న విని, తల ఊపి, చేస్తున్న పని చేసుకుపోయేవాడు. జవాబు నాలుగు రోజులకు రావచ్చు, నాలుగు నెలలకు రావచ్చు. ఒక్కోసారి వచ్చింది జవాబేనని అడిగినవాడికి తెలిసేది కూడా కాదు.

ఆయనది నల్లమలలో రేగుమాను పెంట. అడవిలోని తమ చిన్న ఊళ్లను చెంచులు పెంటలంటారు. అటవీ శాఖలో ముప్పయ్యేళ్లు పులుల జాడ తీసే పని చేశాడు. డెబ్బయ్యో పడిలో పడ్డాక, పెంటకు దగ్గర్లో పెట్టిన పర్యాటక శిబిరంలో గైడ్లకు ఆ పని నేర్పుతున్నాడు. అక్షరాలు రావు. అడుగు చూసి, ఆ జంతువు ఎప్పుడు పోయిందో, నింపాదిగా పోయిందో బెదిరి పోయిందో చెప్పేవాడు. చెప్పింది చాలాసార్లు నిజమయ్యేది. కానప్పుడు "తప్పు చదివినా" అని ఒప్పుకునేవాడు.

ఆయన దగ్గర నేర్చుకుంటున్నవాళ్లలో త్రినాథ్ ఒకడు. ముప్పయ్యేళ్లవాడు, విజయనగరం నుంచి వచ్చాడు. భార్య అరుంధతితో శిబిరం వెనక రెండు గదుల ఇంట్లో ఉంటున్నాడు. మార్చి నెలలో ఒక బుధవారం నాడు బయన్న కొడవలి నూరుకుంటూ ఉండగా, అతను వచ్చి పక్కన కూర్చుని అడిగాడు.

"తాతా, ఘాటు రోడ్డు అవతల ఇంకో శిబిరం ఉంది కదా. అక్కడి గైడ్లు వచ్చినవాళ్లతో, 'పులి ఇప్పుడే వెళ్లింది, రెండు నిమిషాలు ముందొస్తే చూసేవాళ్లు' అంటారట. ఇసకలో పిడికిలితో అడుగు వేసి కూడా చూపిస్తారట. జనం ఫొటోలు తీసుకుని సంతోషంగా వెళ్తున్నారు. ఎవరికీ నష్టం లేదు. నష్టం లేని అబద్ధం తప్పెలా అవుతుంది?"

బయన్న కొడవలి పదును బొటనవేలితో చూసుకున్నాడు.

"మీ మామోళ్లు ఎప్పుడొచ్చేది?"

"రేపు సాయంత్రం. శుక్రవారం పొద్దున అడవిలోకి తీసుకెళ్లాలి. నువ్వూ రావాలి తాతా."

"శుక్రవారం," అన్నాడు బయన్న. "కానీలే, వస్తా."

త్రినాథ్ ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. అతని మామగారు సన్యాసిరావు కరెంటు శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి పదవీ విరమణ చేసినవాడు. రెండేళ్లుగా పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరైనా అల్లుడేం చేస్తున్నాడని అడిగితే, "అడవిలో జనానికి కోతుల్ని చూపిస్తన్నాడు" అని చెబుతున్నాడు. ఇప్పుడు విజయనగరంలో తెలిసినవాళ్ల కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్ ఉద్యోగం ఖాయం చేసి, ఆ ఉత్తరం సంచిలో పెట్టుకుని వస్తున్నాడు. శుక్రవారం సాయంత్రం బస్సెక్కేలోగా అల్లుడు అవుననో కాదనో చెప్పాలి. తండ్రి ఒకసారి అన్నాడంటే కాదనడం ఆ ఇంట్లో అరుంధతికి గాని, ఆమె తమ్ముడు కిరీటికి గాని అలవాటు లేదు. త్రినాథ్‌కు శిబిరం వదలాలని లేదు. ఆ మాట మామగారికి నోటితో చెప్పి ఒప్పించగలనన్న నమ్మకమూ లేదు. ఆయన కళ్లతో చూస్తే ఒప్పుకుంటాడని అనుకున్నాడు. చూడటానికి పులి రావాలి కదా. రెండేళ్లలో త్రినాథ్‌కే పులి కనిపించింది మూడుసార్లు.

శుక్రవారం ఉదయం ఆరున్నరకు ఐదుగురూ బయల్దేరారు. ముందు త్రినాథ్, వెనక మామగారు, కిరీటి, అరుంధతి. అందరికన్నా వెనక బయన్న. సన్యాసిరావు కొత్త కాన్వాసు బూట్లు వేసుకున్నాడు. బ్యాంకులో పనిచేసే కిరీటి మెడలో బైనాక్యులర్స్ వేసుకుని, గంటలో ఏడుసార్లు దాంట్లోంచి చూసి, ఏడుసార్లూ కొండముచ్చులే ఉన్నాయని ప్రకటించాడు.

"బావా, ఇవి మా వీధిలో కూడా ఉన్నాయి. మా మేడ మీదకొచ్చి వడియాలు తినేస్తాయి."

"అక్కడుండేవి కోతులు. ఇవి కొండముచ్చులు."

"వడియాలకి ఏది తిన్నా ఒకటే కదా!"

సన్యాసిరావు నవ్వాడు. ఆ నవ్వు త్రినాథ్‌కు గుచ్చుకుంది. దారిలో రెండు దుప్పులు కనిపించాయి, ఒక అడవికోడి అడ్డంగా పరుగెత్తింది. "కోడి" అన్నాడు సన్యాసిరావు, అంతే.

నెమలి వాగు ఇంకా రెండు వందల గజాలుందనగా త్రినాథ్, "దారి చూసి వస్తాను, మెల్లగా రండి" అని ముందుకు వెళ్లాడు. గైడ్లు అలా వెళ్లడం మామూలే. వాగు ఎండిపోయి ఉంది. రాళ్ల మధ్య అక్కడక్కడ తడి ఇసక. అక్కడ అతను మోకాళ్ల మీద కూర్చుని, పిడికిలి బిగించి ఇసకలో నొక్కాడు. దాని ముందు నాలుగు వేళ్ల కొసలతో నాలుగు గుంటలు పెట్టాడు. అడుగు వాగు కింది వైపుకు, పెంటకు పోయే దిక్కుకు తిరిగి ఉంది. రెండో అడుగు వేయడానికి లేచేసరికి మాటలు దగ్గరపడ్డాయి. నిలబడి, చెయ్యెత్తి, అందర్నీ ఆగమని సైగ చేశాడు.

సన్యాసిరావు వంగి చూశాడు. మెల్లగా కూర్చుని తన అరచెయ్యి దాని పక్కన పెట్టి చూసుకున్నాడు.

"ఏటల్లుడూ, ఇది పులిదేనా? నిజంగా?"

"అవును మామయ్యా. గంట కూడా అయ్యుండదు."

"ఓర్నాయనో! మనం నడిచిన దారిలోనే?"

కిరీటి చుట్టూ చూశాడు. "బావా, మీ పులి కుంటిదేంటి? ఒక్క కాలే పెట్టింది."

"మిగతావి రాళ్ల మీద పడ్డాయి."

ఫొటోలు తీశారు. సన్యాసిరావు లేచి మోకాళ్ల ఇసక దులుపుకుంటూ, రెండేళ్లలో మొదటిసారి అల్లుణ్ని ఒక మంచి మాట అన్నాడు. "మొత్తానికి నీది ఆషామాషీ పని కాదయ్యా." త్రినాథ్ ముఖంలో వెలుగు అందరికీ కనిపించింది.

బయన్న అప్పటికి వచ్చాడు. అడుగు దగ్గర గొంతుక్కూర్చుని చూశాడు. వాగు పైకి చూశాడు, కిందికి చూశాడు.

"దీన్ని ముందు చూసింది ఎవురు?"

"నేనే తాతా."

"అట్లయితే కొమ్మ నువ్వే వెయ్యాల."

ఇది అక్కడి పద్ధతి. పెద్ద జంతువు కొత్త అడుగు దారిలో కనిపిస్తే, ముందు చూసినవాడు పచ్చి కొమ్మ విరిచి దారికి అడ్డంగా వేస్తాడు. విరిచిన మొదలు జంతువు పోయిన దిక్కుకు ఉంటుంది. వెనక వచ్చేవాళ్లు దాన్ని చూసి ఆ దిక్కు మానుకుని వేరే దారి పడతారు. కొమ్మను దాటి ఆ దిక్కుకు ఎవరూ పోరు. ఆకు వాడిందంటే పాతదని లెక్క. వాడకముందే తీయాల్సి వస్తే, వేసినవాడు వచ్చి దారి చూసి తీయాలి.

సన్యాసిరావు ఇదంతా అడిగి తెలుసుకున్నాడు. "వేసినవాడే తీయాలా? ఇంకొకరు తీస్తే?"

"ఇంకొకరికి ఏం తెలుస్తాది సారూ, వాడు ఏం చూసి ఏసినాడో," అన్నాడు బయన్న.

సన్యాసిరావు కూతురి వైపు తిరిగాడు. "మా లైన్ క్లియర్, ఎల్‌సీ లాంటిదేనమ్మా. స్తంభం ఎక్కేవాడు లైన్ ఆపించి ఎల్‌సీ తీసుకుంటాడు. పని అయ్యాక వాడే వచ్చి తిరిగిచ్చేదాకా ఎంత పెద్ద ఆఫీసరొచ్చి చెప్పినా లైన్‌లో కరెంటు వదలరు. అడవిలో కూడా అదే రూలన్నమాట." ఆయనకు అడవి మీద మొదటిసారి గౌరవం కలిగినట్టుంది.

త్రినాథ్ కొమ్మ విరవడానికి కొంచెం ఆలస్యం చేశాడు. బయన్న తొందరపెట్టలేదు. మామగారు చూస్తున్నాడు. చివరకు ఒక నల్లమద్ది కొమ్మ విరిచి, మొదలు వాగు కింది వైపుకు పెట్టి, వాగు వెంట పోయే బాటకు అడ్డంగా వేశాడు.

వాగు దాటి గంటసేపు ఎక్కితే గద్ద బండ. అక్కడి నుంచి కింద నెమలి వాగు, వాగు పక్కనే పెంటకు పోయే కాలిబాట, బాటకు ఎడమ పక్క ఇప్పచెట్ల వాలు, మూడూ కనిపిస్తాయి. నీడలో కూర్చుని అటుకుల ఉప్మా పొట్లాలు విప్పారు. త్రినాథ్ చెయ్యి చాచాడు. అరుంధతి పొట్లం ఇవ్వలేదు. నీళ్ల సీసా మూత తీసింది.

"ముందు చెయ్యి కడుక్కోండి. గోళ్లలోకి కూడా వెళ్లింది ఇసక."

నీళ్లు పోస్తూ ఆమె అతని ముఖం చూడలేదు. అతను కూడా తలెత్తలేదు.

పదకొండూ పదికి బయన్న ఇప్పవాలు వైపు గడ్డంతో చూపించాడు. మొదట ఎవరికీ ఏమీ కనబడలేదు. తర్వాత ఒక నల్లబండ కదిలింది. తల్లి ఎలుగు. రాలిన ఇప్పపూలు ఏరుకు తింటూ చెట్టు నుంచి చెట్టుకు నడుస్తోంది. దాని వీపు మీద, బొచ్చు పట్టుకుని, పిల్ల ఉంది. తల్లి వంగినప్పుడల్లా పిల్ల జారి, మళ్లీ ఎగబాకుతోంది.

సన్యాసిరావు బైనాక్యులర్స్ కొడుకు మెడలోంచి లాక్కున్నాడు. పదకొండు నిమిషాలు ఎవరికీ ఇవ్వలేదు.

"నాన్నా, నాది అది. ఒక్కసారి ఇవ్వు."

"ఉండరా. జారిపోతంది. పట్టుకుంది! పట్టుకుంది."

అరవై రెండేళ్ల మనిషి గుసగుసలాడుతూ పిల్లాడిలా పక్కవాడి భుజం తట్టాడు. ఆ పక్కవాడు త్రినాథ్. అది చూపించమని త్రినాథ్ ఎవరినీ అడగలేదు, దానికోసం ఏమీ చేయలేదు. అది తన ఆకలికి తాను వచ్చింది. ఆ మాట అతనికి తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది. అప్పటికి మాత్రం సంతోషించాడు. కాసేపటికి ఎలుగు వాలు కింద పొదల్లోకి దిగింది. మళ్లీ బయటకు రాలేదు.

బైనాక్యులర్స్ చివరకు కిరీటి చేతికొచ్చాయి. చూడటానికి ఎలుగు లేదు. అతను కింద వాగు వైపు తిప్పాడు.

"బావా, ఎవరో ఆడవాళ్లు వస్తున్నారు. నెత్తి మీద మూటలున్నాయి. ఐదుగురు."

పెంట ఆడవాళ్లు. ప్రతి శుక్రవారం ఘాటు రోడ్డు మీది సరుకుల డిపోకు వెళ్లి, జిగురు, తేనె ఇచ్చి, బియ్యం, ఉప్పు తెచ్చుకుంటారు. తెల్లారి వెళ్లి, ఎండ ముదిరేలోగా వాగు వెంట ఇంటికి చేరతారు. ఆ సంగతి త్రినాథ్‌కు రెండేళ్లుగా తెలుసు. ఆ ఉదయం గుర్తు రాలేదు.

"ముందామె ఆగింది," అన్నాడు కిరీటి. "అందరూ ఆగారు. కొమ్మ చూశారు. మూటలు దించుతున్నారు. పాపం, పులని భయపడుతున్నారు బావా. మాట్లాడుకుంటున్నారు. ఇదుగో, మళ్లీ ఎత్తుకుంటున్నారు."

"ఎటు?" అన్నాడు త్రినాథ్.

"బాట మీద కాదు. ఎడమకి. చెట్ల వైపు."

వాగు దారి మూసుకుపోతే పెంటకు ఇంకొకటే దారి. ఇప్పవాలు మీదుగా చుట్టు తిరిగి పోవాలి. ఇప్పపూలు రాలే నెలలో పెంటవాళ్లు ఆ దారి తొక్కరు. కొమ్మ ఉంటే తప్పదు.

సన్యాసిరావు లేచి నిలబడ్డాడు. "అటు ఎలుగుంది కదయ్యా! పిల్లతో ఉంది!"

"తాతా," అన్నాడు త్రినాథ్. "ఒక కూత పెట్టు."

బయన్న రెండు చేతులూ నోటికి దొప్పలా పెట్టుకుని ఒక పొడుగాటి కూత పెట్టాడు. అది లోయలో దిగి, అవతలి కొండకు తగిలి వెనక్కొచ్చింది. కింద ఐదుగురూ నిలిచిపోయారు. మూటలు మళ్లీ దించి ఎండలోనే కూర్చున్నారు.

"ఆగినారు," అన్నాడు బయన్న. "నిలబడమంటే నిలబడతారు. పొమ్మని చెప్పే కూత లేదు మాకు. కొమ్మ తీయాల." అదే గొంతుతో అన్నాడు. "ఆ మూడో మూట మాది. ఈదమ్మ."

ఈదమ్మ ఆయన భార్య.

త్రినాథ్ బండ దిగబోయాడు. సన్యాసిరావు అతని మణికట్టు పట్టుకున్నాడు. పట్టు గట్టిగా ఉంది.

"ఎక్కడికి? పులి పోయిన దారిలోకా? గంట కూడా కాలేదని నువ్వే చెప్పావు. అటవీ శాఖవాళ్లకి ఫోన్ చెయ్యి, తుపాకులతో వస్తారు. నా కూతుర్ని నీకిచ్చాను. నిన్ను పంపను."

"నేనూ వస్తాను బావా," అన్నాడు కిరీటి. అంటూ వెనక్కి జరిగాడు.

అరుంధతి నీళ్ల సీసాలు రెండూ తీసి మూతలు బిగిస్తోంది.

మామగారి చెయ్యి వదిలించుకోవడానికి త్రినాథ్ ముందు రెండు దారులున్నాయి. నిజం చెప్పవచ్చు, లేకపోతే పులి అవతలి కొండెక్కిపోయి ఉంటుందని ఇంకో అబద్ధం చెప్పి దిగిపోవచ్చు. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. బయన్న అతని వైపు చూడటం లేదు, కింద కూర్చున్న మూడో మనిషి వైపు చూస్తున్నాడు.

"పులి లేదు మామయ్యా. ఆ అడుగు నేను వేసిందే. ఈ పిడికిలితో."

సన్యాసిరావు ముఖం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. ఉదయం ఆ అడుగు పక్కన పెట్టుకున్న తన అరచెయ్యి ఒకసారి చూసుకున్నాడు. ఆయన తిడతాడనే అందరూ అనుకున్నారు.

"తెలిసే కొమ్మ వేశావా?"

"మీరు చూస్తున్నారని వేశాను."

ఆయన మణికట్టు వదిలేశాడు. "ఎళ్లు. ముందు ఎల్‌సీ ఇచ్చి రా. మిగతాది తర్వాత."

అరుంధతి సీసాలు అతని చేతికిచ్చింది. "వాళ్లకి. ఎండలో ఉన్నారు."

ఎక్కడానికి గంట పట్టిన దారి అతను అరగంటలో దిగాడు. రెండుచోట్ల పడ్డాడు. వాగు చేరేసరికి ఈదమ్మ బియ్యం మూట మీద కూర్చుని కొంగుతో విసురుకుంటోంది. మిగతా నలుగురూ ఆమె చుట్టూ ఉన్నారు.

"యాడికి పాయె పెద్దది?" అంది ఈదమ్మ. అడవిలో పులిని ఆమె పేరుపెట్టి అనదు.

"పోలేదు అవ్వా. రాలేదు."

అతను కొమ్మ తీసి పక్కన పారేశాడు. చెప్పడం చాలదనిపించిందో ఏమో, ఇసకలో కూర్చుని, మొదటి అడుగు పక్కనే పిడికిలితో రెండోది వేసి చూపించాడు. రెండూ ఒకేలా ఉన్నాయి. ఐదుగురిలో చిన్నది పకపకా నవ్వింది. ఈదమ్మ నవ్వలేదు.

"ఒంటికాలి పులి యాడన్నా ఉంటాదా నాయనా? అది పులిది కాదని వచ్చినప్పుడే చూసినా. మనిషి చెయ్యి అని ఈ పిల్లదానికి గూడ తెలిసింది."

"తెలిసి మరెందుకు ఆగావు?"

"కొమ్మ ఉండె గదా. ఇంకేమన్నా చూసి ఏసినారేమో అనుకుంటిమి. కొమ్మ ఊరికే ఎవురు ఏస్తారు?"

ఆమె నీళ్లు తాగి, సీసా పక్కదానికిచ్చి, మూట నెత్తికెత్తుకుంది. వాగు బాటన రెండడుగులు వేసి, మెడ తిప్పలేదు గాని ఆగింది.

"ఇంకమీద నీ కొమ్మ చూస్తే మేము ఏం జేయాల?"

ఆమె జవాబు కోసం చూడకుండా వెళ్లిపోయింది. మిగతా నలుగురూ వెంట వెళ్లారు.

సాయంత్రం బస్సు కోసం ఘాటు రోడ్డు మీద నిలబడ్డప్పుడు సన్యాసిరావు, తన సంచి తనే పట్టుకుని, అల్లుడితో మాట్లాడాడు. పొద్దుటి సంగతి ఎత్తలేదు. తన ఉద్యోగం సంగతి చెప్పాడు.

"నా కింద ఒక లైన్‌మన్ ఉండేవాడు. పని పూర్తవకుండానే, పూర్తయిందని ఎల్‌సీ తిరిగిచ్చేశాడు. సినిమాకి టైమవుతోందట. స్తంభం మీద ఇంకో మనిషి ఉన్నాడు. ఆ మనిషి దేవుడి దయవల్ల బతికాడు. వాణ్ని ఉద్యోగంలోంచి తీయలేదు. మెమో ఇచ్చి వదిలేశారు. కానీ మూడేళ్లు వాడి ఎల్‌సీ మీద ఒక్కడూ స్తంభం ఎక్కలేదు."

"తర్వాత?"

"తర్వాత ఎక్కారు." బస్సు లైట్లు మలుపులో కనిపించాయి. "వాడు బదిలీ కోసం అర్జీ పెట్టుకుంటే నేనే చింపేశాను. ఇక్కడే ఉండి వాళ్లని మళ్లీ స్తంభం ఎక్కించుకో అన్నాను. కోల్డ్ స్టోరేజీ వాళ్లకి నువ్వు రావని చెప్తాను."

కిరీటి బస్సు మెట్టు మీద నుంచి, "బావా, ఎలుగు మాత్రం నిజమే కదా?" అని అరిచాడు. బస్సులోవాళ్లు తిరిగి చూశారు. తండ్రి అతన్ని లోపలికి తోశాడు.

ఆ తర్వాతి శుక్రవారం ఉదయం త్రినాథ్ ఒంటరిగా నెమలి వాగుకు వెళ్లాడు. తడి ఇసకలో అడుగులున్నాయి. నాలుగు కాళ్లవీ ఉన్నాయి, ఒకదాని వెనక ఒకటి, ఇరవై గజాల దాకా, వాగు కిందికి. అంచులు ఇంకా రాలలేదు. అతను కొమ్మ విరిచి, మొదలు కిందికి పెట్టి వేశాడు. ఇప్పవాలు మీద ఆ పూట ఎలుగు లేదని గద్ద బండ ఎక్కి చూసి వచ్చాడు. మధ్యాహ్నం దాటాక మళ్లీ వాగు దగ్గరకు వెళ్లాడు. కొమ్మ కదల్లేదు. ఆడవాళ్లు ఇప్పవాలు మీదుగా వెళ్లినట్టు బాట పక్క గడ్డి నలిగి ఉంది. కానీ కొమ్మకు ఇవతల, పులి అడుగుల పక్కన, ఇసకలో గుండ్రటి గుంటలు జతలు జతలుగా కనిపించాయి. లెక్కపెట్టాడు. ఐదు జతలు. మోకాళ్ల గుర్తులు. ఇదివరకు ఎవరి కొమ్మ చూసినా నిలబడి తిరిగిపోయేవాళ్లు, ఈసారి ఒక్కొక్కరే వంగి, అడుగును స్వయంగా చూసుకుని, అప్పుడు తిరిగారు.

అతను శిబిరానికి వచ్చేసరికి బయన్న గడప మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. త్రినాథ్ చూసింది చూసినట్టు చెప్పాడు. అబద్ధం గురించి ఆ బుధవారం అడిగిన ప్రశ్న మళ్లీ అడగలేదు. పక్కన కూర్చుని, వేరేది అడిగాడు.

"వాళ్లు వంగి చూడకుండా తిరిగేది ఎన్నాళ్లకు తాతా?"

బయన్న అలవాటు తప్పి, ఆ ఒక్కదానికి అప్పుడే జవాబిచ్చాడు. తాడు మీంచి తల ఎత్తలేదు.

"ఎన్నాళ్లు గాదబ్బీ. ఎన్ని కొమ్మలు."